ఎన్ని అడుగులని అడక్కండి

ఇంటి షెడ్డులో పాత బండ్లు బాగుచేసుకునేవాళ్లు మొదటి లేత్ మిషన్ కొనే ముందు చూసుకోవాల్సిన సంగతులు

సికింద్రాబాద్ రాణిగంజ్‌లో యంత్రాలమ్మే ఏ కొట్టుకెళ్లి లేత్ కావాలన్నా ముందు వినపడే ప్రశ్న ఒకటే. ‘‘ఎన్ని ఫీట్లదన్నా?’’ నాలుగున్నర, ఆరు, ఎనిమిది... మన దగ్గర లేత్‌ని బెడ్ పొడవుతోనే అమ్ముతారు, ఆ పొడవుతోనే కొంటారు, గొప్పలు చెప్పుకునేదీ ఆ పొడవు గురించే. పంపుసెట్ల షాఫ్టులు, మిల్లు రోలర్లు తిప్పేవాళ్లకి ఆ ప్రశ్న సబబే. ఆదివారం పూట పాత బుల్లెట్టునో, ఆర్‌ఎక్స్ హండ్రెడ్‌నో, యెజ్డీనో విప్పుకుని కూర్చునే మనిషికి మాత్రం అది దారి తప్పించే ప్రశ్న. మోటార్‌సైకిల్లో లేత్ ఎక్కే భాగాలు చాలామటుకు పొట్టిగా, లావుగా ఉంటాయి. బ్రేకు డ్రమ్ము, స్ప్రాకెట్టు, హబ్బు, పిస్టన్, బుష్... ఏది తీసుకున్నా వెడల్పు ఎక్కువ, పొడవు తక్కువ. చక్రాల యాక్సిల్ కూడా అడుగు అటూ ఇటూ అంతే. అందుకని కొట్టువాడు అడుగుల లెక్క అడిగితే మనం అడగాల్సిన ఎదురు ప్రశ్నలు వేరే ఉన్నాయి.

అసలు ఇంట్లో లేత్ ఎందుకని ఇంట్లోవాళ్లు అడుగుతారు. అడగాలి కూడా. వీధి చివర లేత్ షాపు ఉండగా, విజయవాడ ఆటోనగర్ లాంటి మహాసముద్రం ఉండగా, ఇనప దిమ్మని ఇంటికెందుకు తెచ్చుకోవడం? జవాబు పాత బండ్లలోనే ఉంది. మైసూరులో యెజ్డీ తయారీ 1996లో ఆగిపోయింది. ఆర్‌ఎక్స్ 100 కూడా ఆ ఏడాదే నిలిచిపోయింది. పోత ఇనుము సిలిండరున్న బుల్లెట్టు తయారీ ఆగి పదిహేనేళ్లు దాటింది. వీటికి పిస్టన్లు, చైన్లు లాంటివి ఇంకా దొరుకుతాయి. దొరకనివల్లా చిల్లర సామాన్లే. చక్రం పక్కనుండే స్పేసరు, బ్రేకు పెడల్ బుష్, స్వింగ్ ఆర్మ్ బుష్, అరిగిన లివరుకు కొత్త పిన్ను. దొరికినా నకిలీ సరుకు, కొలత కుదరదు. లేత్ షాపులో టర్నరుకు రోజువారీ గుత్త పని ఉంటుంది. యాభై ఫ్లాంజీలు పక్కన పెట్టి మన ఒక్క వాషరు చేయమంటే ‘‘రేపు రా తమ్ముడూ’’ అంటాడు. అతని తప్పు లేదు. మనకి కావాల్సింది ఒక్కసారి తిప్పితే అయ్యే పని కాదు. స్పేసరు చేసి, పెట్టి చూసి, చక్రం బిగించి, అర మిల్లీమీటరు ఎక్కువుందని మళ్లీ విప్పి తగ్గించుకునే పని. ఆ పెట్టి చూసుకోవడమే ఇంటి లేత్ అసలు లాభం.

ఇంకొక లాభం ఎవరూ ముందు ఊహించరు. కొన్న ఏడాదిలో లేత్ మీద ఎక్కువగా తయారయ్యేవి బండి భాగాలు కావు, బండి విప్పే పనిముట్లు. క్లచ్చు పుల్లరు, మాగ్నెటో పుల్లరు, బేరింగు కొట్టే మెట్ల కడ్డీ, బుష్ లోపలికి లాగే బోల్టూ గొట్టమూ. సుత్తి, ఉలి పెట్టి కొట్టి ఇంజిన్ కేసు పగలగొట్టుకునే రోజులు వీటితో పోతాయి.

ఈ పిచ్చికి పరాకాష్ఠ చూడాలంటే న్యూజిలాండ్‌లోని ఇన్వర్‌కార్గిల్‌కి వెళ్లాలి. బర్ట్ మన్రో అనే ఆయన 1920 నాటి ఇండియన్ స్కౌట్ మోటార్‌సైకిల్ని దశాబ్దాల పాటు ఇంటి షెడ్డులో మార్చుకుంటూ పోయాడు. పిస్టన్లు తానే పోత పోసి, తానే లేత్ మీద తిప్పుకునేవాడు. మొదట గంటకు 55 మైళ్లు పోయే బండి అది. 1967లో, 68 ఏళ్ల వయసులో, అమెరికాలోని బోన్‌విల్ ఉప్పు మైదానంలో దాన్ని 183 మైళ్లు దాటించాడు. మన లెక్కలో గంటకు 295 కిలోమీటర్లు. మనకి అంత అక్కర్లేదు. బుల్లెట్టు వెనక చక్రం ఊగకుండా ఉంటే చాలు.

లావు సంగతి

లేత్ వెడల్పుని చెప్పే కొలతలు రెండు. బెడ్ పైనుంచి, వస్తువుని పట్టి తిప్పే చక్కు మధ్య గీత దాకా ఉండే ఎత్తు ఒకటి, దీన్నే సెంటర్ హైట్ అంటారు. దానికి రెట్టింపు వ్యాసమున్న వస్తువు బెడ్‌కి తగలకుండా తిరుగుతుంది. విదేశీ మినీ లేత్‌లకి ఆ రెట్టింపు అంకెనే ‘స్వింగ్’ అని గొప్పగా రాస్తారు. 7 అంగుళాల లేత్ అంటే సెంటర్ హైట్ మూడున్నర అంగుళాలే. మన కొట్లలో సెంటర్ హైట్ చెప్తారు, ఆన్‌లైన్‌లో స్వింగ్ చెప్తారు. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి పోల్చి మోసపోకూడదు.

ప్రకటనల్లో కనపడని రెండో కొలతే ముఖ్యం. క్రాస్ స్లయిడ్ మీదుగా ఎంత లావు తిరుగుతుంది? టూల్‌ని మోసే బల్ల బెడ్‌కన్నా ఎత్తులో ఉంటుంది కాబట్టి దాని పైన జాగా బాగా తగ్గిపోతుంది. 7 అంగుళాల మినీ లేత్‌లో అది నాలుగంగుళాల చిల్లర. 530 చైనుకు సరిపడే 38 పళ్ల స్ప్రాకెట్టు తీసుకోండి. చైను పిచ్ 15.875 మి.మీ. కాబట్టి పళ్ల మధ్య వృత్తమే 192 మి.మీ. వస్తుంది, పళ్ల కొసలు కలుపుకుంటే 200. అది 180 మి.మీ. స్వింగ్ ఉన్న లేత్ మీద అసలు తిరగదు. దాని మధ్య బోరు కాస్త పెద్దది చేయాలన్నా తిరగదు. బుల్లెట్టు ఏడంగుళాల డ్రమ్ము 178 మి.మీ. లోపలి కొలత. దాని హబ్బు బయటి వ్యాసం కలుపుకుంటే అదీ అంతే.

అందుకే ఇంట్లో బండి పనికి సెంటర్ హైట్ ఐదంగుళాలకు తగ్గొద్దని నా అభిప్రాయం, ఆరుంటే నిశ్చింత. చక్కు దగ్గర బెడ్‌లో పల్లం ఉన్న లేత్ దొరికితే, అంటే గ్యాప్ బెడ్ ఉంటే, స్ప్రాకెట్టు లాంటివి ఆ పల్లంలో తిరుగుతాయి. కొన్నిటిలో ఆ పల్లం మీద తీసిపెట్టే ముక్క బిగించి ఉంటుంది. సెకండ్‌హ్యాండ్ లేత్‌లో ఆ ముక్కని ఒకసారి తీసి, అడుగున దుమ్ముతో మళ్లీ బిగించారా అన్నది చూసుకోవాలి. అతుకు దగ్గర గోరు తగిలితే, టూల్‌ని మోస్తూ బెడ్ మీద జరిగే క్యారేజ్ అక్కడ ఎగిరినట్టే.

పొడవు గురించి ఒక్క మాటతో సరిపెడదాం. నాలుగున్నర అడుగుల లేత్‌లో హెడ్‌స్టాక్, టెయిల్‌స్టాక్ జాగా పోగా సెంటర్ల మధ్య మిగిలేది దాదాపు రెండడుగులు. మోటార్‌సైకిల్‌కి అది ఎక్కువే.

చక్కు వెనక కన్నం

పొడవైన వాటి సంగతేమిటని అనుమానం రావచ్చు. ఫోర్కు గొట్టం ఉంది, హ్యాండిలు ఉంది. వీటికి పొడవైన బెడ్ అక్కర్లేదు, చక్కుని తిప్పే స్పిండిల్‌కి పెద్ద కన్నం ఉంటే చాలు. గొట్టాన్ని చక్కులోంచి వెనక్కి దూర్చి, కొసని మాత్రం బయటికి పెట్టి పని చేసుకోవచ్చు. 2021కి ముందటి రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350 ఫోర్కు గొట్టం 35 మి.మీ. మామూలు హ్యాండిలు గొట్టం 22 మి.మీ. చిన్న మినీ లేత్‌ల స్పిండిల్ కన్నం 20 మి.మీ. హ్యాండిలు కూడా దూరదు! రెండు మిల్లీమీటర్ల తేడాతో బోలెడు పని పోతుంది. మన నాలుగున్నర అడుగుల రకంలో ఒకటిన్నర అంగుళం, అంటే 38 మి.మీ. కన్నం ఉన్నవి దొరుకుతాయి. కొట్టుకి పోయేటప్పుడు 35 మి.మీ. గొట్టం ముక్క ఒకటి చేతిలో పట్టుకెళ్లండి. మాటలక్కర్లేదు, వెనకనుంచి దూర్చి చూడటమే.

నెమ్మదిగా తిరగాలి

కొత్తగా కొనేవాళ్లు పై వేగం చూస్తారు. 2,500 ఆర్‌పీఎం అని రాసి ఉంటే సంబరపడతారు. బండి పనికి చూడాల్సింది కింది వేగం. లెక్క కష్టమేమీ కాదు. హైస్పీడ్ స్టీలు టూల్‌తో మెత్తటి ఉక్కుని నిమిషానికి సుమారు 25 మీటర్ల వేగంతో కొయ్యొచ్చు, పోత ఇనుముని 20 మీటర్లతో. 25 మి.మీ. ఉక్కు కడ్డీకి అది 320 ఆర్‌పీఎం అవుతుంది. బుల్లెట్టు 350 సిలిండరు బోరు 70 మి.మీ., పోత ఇనుము, అక్కడ 90. ఏడంగుళాల డ్రమ్ముకి 36 చాలు. అంతకన్నా ఎక్కువ తిప్పితే టూల్ కొస కాలిపోతుంది, లేదా డ్రమ్ము అరుస్తుంది, గోడలు అలలు తిరుగుతాయి.

డీసీ మోటారుతో నడిచే మినీ లేత్‌లలో మీట తిప్పి వేగం తగ్గించొచ్చు. కానీ వేగంతో పాటు బలమూ తగ్గిపోతుంది. లావు వస్తువు మీద కాస్త లోతు కట్ వేయగానే మోటారు నిలబడిపోతుంది. మన పాత కోన్ పుల్లీ లేత్‌కి బ్యాక్ గేరు ఉంటుంది. అది వేస్తే చక్కు ఎద్దు నడక నడుస్తుంది, బలం మాత్రం పెరుగుతుంది. చూడటానికి మొరటుగా, తోలు బెల్టుతో, తాతల నాటి బొమ్మలా ఉండే ఆ యంత్రమే ఈ విషయంలో మెరిసే కొత్త డబ్బాకన్నా మేలు. గేరు మార్చాలంటే బెల్టు చేత్తో జరపాలి, అది విసుగే. ఇంటి పనికి గంటకు ఎన్నిసార్లు జరుపుతాం?

బరువుదీ ఇదే కథ. మినీ లేత్ నలభై కిలోలు, అటూ ఇటూ. ఇద్దరు కలిసి టేబుల్ మీదికి ఎత్తేయొచ్చు. నాలుగున్నర అడుగులది మూడొందల కిలోలకు పైమాటే. లోహం కోసేటప్పుడు పుట్టే వణుకుని మింగేది ఆ పోత ఇనుము బరువే. తేడా తెలుసుకోవాలంటే కొనే ముందు ఒక పరీక్ష పెట్టండి. మెత్తటి ఉక్కు కడ్డీని మూడు మిల్లీమీటర్ల పార్టింగ్ టూల్‌తో కోసి ముక్క విడదీయమని అడగండి. గట్టి లేత్‌లో కుళాయి నీళ్లలా ధారగా రజను వస్తుంది. డొల్ల లేత్‌లో టూల్ కిందకి ఈడ్చుకుపోయి ఇరుక్కుంటుంది. అమ్మేవాడు ఈ పరీక్షకి ఒప్పుకోకపోతే మీకు జవాబు దొరికినట్టే.

127 పళ్ల గేరు

పాత బుల్లెట్టు ఇంగ్లండ్‌లో పుట్టిన బండి. 1955 నుంచి మద్రాసులో తయారైనా మరలు మాత్రం చాలాకాలం బ్రిటిష్ కొలతల్లోనే ఉన్నాయి. అంగుళానికి 26 చుట్లుండే సైకిల్ త్రెడ్డు కొన్నిచోట్ల, విట్‌వర్త్ కుటుంబానికి చెందిన 55 డిగ్రీల మరలు మరికొన్ని చోట్ల. జపాను సంతతి యమహా ఆర్‌ఎక్స్‌కేమో అన్నీ మెట్రిక్, 60 డిగ్రీలు. రెండు రకాల బండ్లూ ఇంట్లో ఉన్నవాడికి రెండు రకాల మరలూ కోసే లేత్ కావాలి.

లేత్‌లో మర కోయడమంటే చక్కు ఒక చుట్టు తిరిగేసరికి టూల్ ఇంత దూరం జరగాలని గేర్లతో కట్టడి చేయడం. లీడ్ స్క్రూ ఆ పని చేస్తుంది. ఈ ఏర్పాటుని 1800 ప్రాంతంలో లండన్‌లో హెన్రీ మాడ్‌స్లే గట్టి ఇనప చట్రంలో ఇమిడ్చి, ఒకే కొలత మరలు మళ్లీ మళ్లీ కోయడానికి దారి వేశాడు. మన పాత లేత్‌ల లీడ్ స్క్రూలు చాలావరకు అంగుళాల లెక్కవే. దాని మీద మెట్రిక్ మర కచ్చితంగా కోయాలంటే 127 పళ్ల గేరు కావాలి. అదెందుకంటే ఐదంగుళాలు సరిగ్గా 127 మిల్లీమీటర్లు. రెండు కొలతలూ నిఖార్సుగా కలిసే తొలి పూర్ణాంకం అదే. సెకండ్‌హ్యాండ్ లేత్ కొనేటప్పుడు గేర్ల పెట్టె తెరిపించి పళ్ల అంకెలు చదవండి. 127 లేకపోతే బేరంలో అది ఒక మెట్టు.

కోసేటప్పుడు ఒక కిటుకుంది. అంగుళాల లీడ్ స్క్రూతో మెట్రిక్ మర కోస్తున్నప్పుడు లీడ్ స్క్రూని పట్టుకునే హాఫ్ నట్టు మధ్యలో విప్పకూడదు, విప్పితే మళ్లీ అదే గాడిలో పడదు. టూల్ వెనక్కి లాగి, మోటారు ఎదురు తిప్పి, మొదటికి రావాలి. ఇక్కడ పాత లేత్‌ల ఇంకో గుణం అడ్డొస్తుంది. వాటిలో చక్కు స్పిండిల్ మీద మరతో ఎక్కి ఉంటుంది. ఎదురు వైపు ఒక్కసారిగా తిప్పితే చక్కు తనంతట తాను ఊడి వచ్చేస్తుంది. పూర్తిగా ఆగాకే, నెమ్మదిగానే వెనక్కి తిప్పాలి. బోల్టులతో బిగించే చక్కున్న లేత్ దొరికితే ఈ బెడద లేదు.

ఏ లేత్, ఎవరి దగ్గర?

మూడు దారులున్నాయి. ఆన్‌లైన్‌లో వచ్చే చైనా మినీ లేత్ మొదటిది. అపార్టుమెంటులో ఉండేవాళ్లకి, కార్బురేటర్ జెట్లు, చిన్న బుష్‌లు, అల్యూమినియం ముక్కలు చేసుకునేవాళ్లకి అది చాలు. సింగిల్ ఫేజు, చిన్న జాగా. డబ్బా విప్పగానే అది పనికొస్తుందని మాత్రం అనుకోవద్దు. విప్పి, కడిగి, సందులు సరిచేసుకోవాల్సిన సామాను అనుకుని కొంటే నిరాశ ఉండదు.

రెండోది రాజ్‌కోట్, బటాలా, లూధియానా ఊళ్లనుంచి వచ్చే కొత్త లైట్ డ్యూటీ లేత్. లోహం ధారాళంగా వేస్తారు, సొగసు చూడరు. ఒకే పేరుతో వచ్చిన రెండు యంత్రాలే ఒకలా ఉండవు. అందుకని కేటలాగు చూసి డబ్బు కట్టకుండా, కొట్లో ఉన్న ఆ ఒక్క యంత్రాన్నే కొలిచి, ఆ నెంబరుదే ఇంటికి పంపమనాలి.

మూడోది సెకండ్‌హ్యాండ్. ఇక్కడ హెచ్‌ఎంటీ పేరు వినగానే చాలామందికి ప్రాణం లేచొస్తుంది. 1953లో బెంగళూరులో మొదలైన ఆ సంస్థ లేత్‌లకి ఆ పేరు ఊరికే రాలేదు. కానీ ఎన్‌హెచ్ 22 లాంటిది టన్ను పైమాటే, 220 మి.మీ. సెంటర్ హైట్, త్రీ ఫేజు కరెంటు. కారు షెడ్డులో దించాలంటే క్రేను కావాలి. దించాక కారు బయటే. మోజు ఉంటే కొనుక్కోవచ్చు గానీ మొదటి లేత్‌గా నేను చెప్పను. చక్కుల విషయంలో మాత్రం మన ఊరి పేరొకటి గుర్తుంచుకోవాలి. 1943లో మొదలైన ప్రాగా టూల్స్, సికింద్రాబాద్ కవాడిగూడ నుంచి దశాబ్దాల పాటు చక్కులూ గ్రైండర్లూ చేసింది. పాత ఇనుము కొట్లలో ఆ పేరున్న చక్కు దవడలు అరక్కుండా దొరికితే వదలొద్దు. ఇంగ్లండ్‌లో ఉండే తెలుగువాళ్లయితే 1946లో వచ్చిన మైఫోర్డ్ ఎంఎల్7 వెతుక్కుంటారు. ఏడంగుళాలే తిరిగినా, గ్యాప్‌లో పదంగుళాలు తిరుగుతుంది.

సెకండ్‌హ్యాండ్ లేత్ చూడబోయేటప్పుడు కొత్త రంగు చూసి జడవండి. ఆకుపచ్చ పెయింటు కింద ఏ పగులుకి ఇత్తడి అతుకుందో తెలియదు. ముందు బెడ్. చక్కు దగ్గర అరగడం, టెయిల్‌స్టాక్ వైపు అరక్కపోవడం సహజం. పని ఎప్పుడూ చక్కు దగ్గరే కదా. అది ఎంతన్నదే ప్రశ్న. చక్కు దగ్గర క్యారేజ్‌కి ప్లే లేకుండా బిగించి, చేత్తో టెయిల్‌స్టాక్ వైపు తిప్పుకుంటూ పోండి. మధ్యలోనే బిగుసుకుపోతే బెడ్ బాగా అరిగినట్టు. అది సరిచేయడం ఇంట్లో అయ్యే పని కాదు, గ్రైండింగుకి పంపిస్తే లేత్ ధరంత అవుతుంది. క్రాస్ స్లయిడ్ హ్యాండిలు పావు చుట్టు ఖాళీగా తిరగడం చూసి బెదిరిపోయేవాళ్లున్నారు. దానికి భయం లేదు. గన్‌మెటల్ నట్టు మార్చుకుంటే పోతుంది, మార్చకపోయినా అలవాటవుతుంది.

తర్వాత స్పిండిల్. చక్కు తీయించి లోపలి టేపరుకి డయల్ గేజి ఆనించి చేత్తో తిప్పాలి. సూది మిల్లీమీటరులో నూరో వంతు లోపే కదిలితే మంచిది. చక్కు ఎక్కించాక మూడు దవడల మధ్య పట్టిన కడ్డీ కాస్త అవుట్ చూపిస్తే లేత్‌ని తప్పుపట్టొద్దు. మూడు దవడల చక్కు గుణమే అంత. చివరగా నాలుగంగుళాలు బయటికి ఉండేలా లావు కడ్డీ పట్టించి, టెయిల్‌స్టాక్ ఆసరా లేకుండా పల్చటి కట్ వేయించి, రెండు కొసల్నీ మైక్రోమీటరుతో కొలవండి. తేడా 0.02 మి.మీ. లోపుంటే సంతోషంగా అడ్వాన్సు ఇవ్వొచ్చు. తోడుగా ఎవరైనా రిటైరైన టర్నర్ మాస్టారుని తీసుకెళ్తే ఇంకా మేలు. ఐటీఐలో రెండేళ్లు టర్నరు కోర్సు చదివి, పాతికేళ్లు షాప్ ఫ్లోర్లో నిలబడిన మనిషి గేరు చప్పుడు వినే చెప్పేస్తారు ఏ పన్ను విరిగిందో.

కరెంటు, నేల, తేమ

పాత లేత్‌లకి ఎక్కువగా 415 వోల్టుల త్రీ ఫేజు మోటారు ఉంటుంది. ఇంట్లో ఉండేది సింగిల్ ఫేజు. మోటారు మార్చి ఒక హార్స్ పవర్ సింగిల్ ఫేజుది పెట్టడం ఒక పద్ధతి. వీఎఫ్‌డీ పెట్టడం రెండోది. అది సింగిల్ ఫేజు తీసుకుని 230 వోల్టుల త్రీ ఫేజు ఇస్తుంది. చిన్న మోటార్లు మామూలుగా స్టార్ కనెక్షన్‌లో ఉంటాయి, వాటిని డెల్టాకి మారిస్తే ఈ 230కి సరిపోతాయి. డెల్టాకి మార్చే వీలు ఆ మోటారుకి ఉందో లేదో నేమ్‌ప్లేటు చూసి ఎలక్ట్రీషియన్ చెప్పాలి. వీఎఫ్‌డీతో వేగం కూడా మార్చుకోవచ్చు, ఎదురు తిప్పడమూ సులువే. నా ఓటు దానికే. అయినా బ్యాక్ గేరుకి అది బదులు కాదు.

మేడ మీద లేత్ పెట్టొద్దు. మన ఇళ్ల శ్లాబుల్ని చదరపు మీటరుకి సుమారు 200 కిలోల భారం లెక్కేసి కడతారు. మూడొందల కిలోల ఇనుము నాలుగు చిన్న కాళ్ల మీద నిలబడి వణుకుతుంటే ఆ లెక్క పనిచేయదు, కింది ఇంటివాళ్ల సహనమూ పనిచేయదు. కింద గట్టి కాంక్రీటు నేల, బెడ్ మెలి తిరక్కుండా కాళ్ల కింద సరిచేసిన రేకులు. కొత్త లేత్ కూడా వంకర నేల మీద బిగిస్తే తిన్నగా కోయాల్సింది ఏటవాలుగా కోస్తుంది.

విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు ఊళ్లలో తుప్పు రాత్రికి రాత్రే పడుతుంది. పని కాగానే బెడ్ తుడిచి నూనె రాసి, పాత నూలు దుప్పటి కప్పాలి. ప్లాస్టిక్ కవరు కప్పితే లోపల తేమ చేరి ఇంకా చేటు.

లేత్ మీద పెట్టే ఖర్చు లేత్‌తో అయిపోదు

ఉన్న డబ్బంతా యంత్రం మీద పెట్టి, టూల్ కొనడానికి వెతుక్కోవడం అందరూ చేసేదే. మూడో వంతు పక్కన పెట్టుకోండి. నాలుగు దవడలు విడివిడిగా జరిగే చక్కు ముందు కొనాలి. మూడు దవడలది సులువు, నాలుగు దవడలది నిజాయితీ. డయల్ గేజి పెట్టి దానితో ఏ వస్తువునైనా సున్నా అవుట్‌కి తేవచ్చు. పాత బండి భాగాల మీద మళ్లీ కట్ వేసేటప్పుడు ఇదొక్కటే దారి. తర్వాత వెర్నియర్, మైక్రోమీటర్, బెంచ్ గ్రైండర్. టూల్స్ విషయంలో కార్బైడ్ ఇన్సర్టుల మీదికి తొందరపడొద్దు. హైస్పీడ్ స్టీలు ముక్కని గ్రైండరు మీద తానే సానబట్టడం నేర్చుకున్నవాడికి ఇన్సర్టు ఎందుకు విరిగిందో కూడా తెలుస్తుంది.

లోహం దగ్గర మాత్రం పొదుపు పనికిరాదు. స్క్రాపులో దొరికిన షాఫ్టు ఏ ఉక్కో తెలియకుండా బుష్ చేయండి, వాషరు చేయండి, పుల్లరు చేయండి. యాక్సిల్ మాత్రం చేయొద్దు. దానికి ఈఎన్ 24 లాంటి తెలిసిన ఉక్కుని, తెలిసిన కొట్లో, బిల్లుతో కొనాలి. స్టీరింగు, బ్రేకు, చక్రం, ఈ మూడు చోట్లా అందానికి చేసుకునే ప్రయోగాలు వద్దు.

ఇంకో హెచ్చరిక ఇంటి లేత్‌కే ప్రత్యేకం. షాపులో టర్నరు ప్యాంటు, బిగుతు చొక్కా వేసుకుంటాడు. ఇంట్లో మనం లుంగీ మీద, మెడలో గొలుసుతో, ‘ఒక్క కట్టే కదా’ అని స్విచ్చు వేస్తాం. తిరిగే చక్కు లుంగీ కొసని లాక్కుంటే ఆపడానికి సమయం ఉండదు. చేతి తొడుగులు కూడా వద్దు, వేలు పోయేది వాటివల్లే. చుట్టలు చుట్టుకున్న రజనుని చేత్తో లాగొద్దు, కొక్కెం పెట్టి లాగాలి. చక్కు తాళం చక్కులో వదిలేసి స్విచ్చు వేస్తే అది తూటాలా వస్తుంది. చేతిలోంచి వదలగానే తనంతట బయటికి నెట్టుకొచ్చే స్ప్రింగు తాళం చేసుకోండి. లేత్ కొన్నాక చేయదగ్గ మొదటి పని అదే.

ఇంట్లో చేయకూడని పని

ఎంత మంచి లేత్ కొన్నా బ్రేకు డ్రమ్ము దగ్గర ఓడిపోతాం. స్పోకుల చక్రంలో డ్రమ్ముని విడిగా తిప్పి నునుపు చేస్తే లాభం లేదు. రిమ్ము వేసి స్పోకులు బిగించగానే ఆ లాగుడుకి డ్రమ్ము మళ్లీ కోడిగుడ్డు ఆకారానికి పోతుంది. స్పోకులన్నీ బిగించి, చక్రం అవుట్ తీశాకే, రిమ్ముతో సహా లేత్ ఎక్కించి డ్రమ్ము కోయాలి. 19 అంగుళాల రిమ్ము అంచుతో కలిపి 500 మి.మీ. దాటుతుంది. సెంటర్ హైట్ పదంగుళాల పైన ఉండాలి. అది ఆటోనగర్ పెద్ద లేత్ పని.

సిలిండరు బోరు చేయించడం కూడా అటే. తొంభై ఆర్‌పీఎం దొరికినా, బోరింగు తర్వాత హోనింగు కావాలి. దానికి వేరే మిషన్ ఉన్నవాడే ఉండాలి.

అయితే చక్రాన్ని ఊరికే పట్టుకెళ్లి టర్నరు ముందు పడేయకండి. పెద్ద లేత్‌లో చక్రాన్ని ఎలా పట్టాలన్నదే అక్కడ సగం రోజు తినే పని. బేరింగులు కొత్తవి వేసి, వాటిలో బిగుతుగా కూర్చునే ఒక మాండ్రెల్ మీ లేత్ మీద చేసుకోండి. రెండు కొసల్లో సెంటర్ డ్రిల్లు, మధ్యలో బేరింగు కొలతకి రెండు మెట్లు, ఒక పక్క నట్టు బిగించడానికి మర. మొత్తం కడ్డీని సెంటర్ల మధ్య పట్టి ఒకే బిగింపులో తిప్పాలి, అప్పుడే రెండు మెట్లూ ఒకే గీత మీద ఉంటాయి. టైరు తీసేసి, చక్రాన్ని ఆ మాండ్రెల్ మీద బిగించి తీసుకెళ్లండి. బండి మాన్యువల్లో డ్రమ్ము గరిష్ఠ కొలత ఉంటుంది, దాన్ని కాగితం మీద రాసి ఇవ్వండి. గీతలు పోయేంతవరకే కోయమని చెప్పండి. మాస్టారు మాండ్రెల్‌ని సెంటర్ల మధ్య పెట్టి, ఏమీ అనకుండా ముందు దాని మీదే డయల్ ఆనించి చూస్తారు. సూది కదలకపోతే ‘‘ఎవరు చేశారిది?’’ అని అడుగుతారు, మీ చక్రం ‘రేపు రా’ వరసలోంచి ఆ పూటే జరిగే పనిలోకి వస్తుంది. సూది ఊగితే మాత్రం మాండ్రెల్ మీ చేతికే తిరిగొస్తుంది, ఇంటికెళ్లి మళ్లీ తిప్పుకు రమ్మంటారు.